పొగలో కలిసిన మనిషి

“నీ బిందె పక్కకు తియ్! రాయచూరు నుంచి జ్వరం మోస్కొచ్చిండ్రు. ఇప్పుడు బోరింగుకు గూడ అంటిస్తవా?”

భాగ్యమ్మ కసురుకుంది. ఎస్తేరు ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది.

అది రెండువేల ఆరు. కొత్తకోటలో ఇంటికొకరు చికున్‌గున్యాతో మూలుగుతున్నారు. ఎస్తేరు, ఆమె భర్త సాంసన్ రాయచూరు కాలువ పని నుంచి వచ్చిన వారమే జ్వరం మొదలైంది. నింద వాళ్ల మీద పడింది. సాంసన్ కూడా మంచం పట్టాడు. ఇంట్లో గొంతు తడుపుకోను చుక్క లేదు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఎవరో ఒకతను కూర్చుని ఉన్నాడు.

బండరాయి మీద, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కదలకుండా. సాయంత్రపు ఎర్రటి దుమ్ములో బొమ్మలా ఉన్నాడు.

పిక్క మీద దోమ వాలింది. నోట్లోని సన్నటి గొట్టంతో దాన్ని మెల్లగా పీల్చి, గాజుసీసాలోకి ఊదాడు.

“ఎవరన్నా నువ్వు? దోమలు కుడుతుంటే గట్ల కూసున్నవేంది?”

“కుట్టనియ్ చెల్లె. నాకీ జ్వరం వచ్చిపోయింది. మళ్ల రాదంట.” మోకాళ్లు నిమురుకుంటూ నవ్వాడు. “దీని కడుపుల వైరస్ ఉంటది. దాంట్ల ఓ రాత ఉంటది. అది సదివితే జ్వరం యాడ నుంచి వచ్చిందో తెలుస్తది.”

“దోమ కడుపుల రాతనా!”

పిచ్చోడే, సందేహం లేదు.

“అన్నా, ఇప్పటికే ఊరి కండ్లన్నీ మా ఇంటి మీదున్నయ్. లేచి పో.”

“జర నీళ్లియ్యి, పోత.”

“నాకే దిక్కు లేవు.”

విసురుగా వేపాకు రాజేసింది. తెల్లటి పొగ వాకిలంతా పరుచుకుంది. దోమలు లేచిపోయాయి. అతనూ రాయి పట్టుకుని కష్టంగా లేచాడు. కుంటుకుంటూ, కలలో మనిషిలా ఆ పొగలో కలిసిపోయాడు. దూరంగా హైవే మీద ఏదో లారీ హారన్ మోగింది.

నెల తిరిగాక దవాఖాన జీపు వచ్చింది. డాక్టర్ పద్మజ బోరింగు దగ్గరే జనాన్ని పోగేసింది.

“ఎస్తేరు వాకిట్లో పట్టిన దోమల్లోని వైరస్‌ను ల్యాబులో చదివారు. రాయచూరు వైరస్‌తో అది కలవలేదు. జ్వరం వీళ్లు తేలేదు. వీళ్లకే ఇక్కడ అంటింది.”

భాగ్యమ్మ ఎస్తేరు చేతిలోని బిందె తీసుకుని బోరింగు కింద పెట్టింది. తనే కొట్టసాగింది.

బిందెలో నీళ్ల చప్పుడు వింటూ ఎస్తేరు డాక్టర్ వైపు తిరిగింది.

“మేడం, ఆ దోమలు పట్టిన సారు ఏడున్నడు? నీళ్లడిగిండు. నేనియ్యలే.”

“వెళ్లిపోయాడమ్మా. ఎక్కడికో మాకూ తెలియదు.”

“పెద్ద డాక్టరా?”

“కాదు, లారీ డ్రైవర్. మీరు వలసలో ఉన్నప్పుడు జ్వరంతో బండి ఆపి, తాళమేసిన మీ ఇంటి ముందు ఆ రాయి మీదే పగలంతా పడుకున్నాడట. నింద మీకొచ్చిందని ధాబాలో విని, మా దగ్గరకొచ్చి, దోమలు పట్టడం నేర్చుకుని, ‘ఈ దోమల్ని అప్పుడు దవాఖానల తీసిన నా నెత్తురుతోని పోల్చి, అందరి ముందట చెప్పుండ్రి’ అన్నాడు... అతని నెత్తురులోని రాత, మీ వాకిట్లో దోమల్లోని రాత రెండూ కలిశాయి.”