మూయని కనెక్షన్లు

“మళ్లీ పడిపోయింది ఉమాకాంత్,” అంటూ వెంకటరాజం ఫోన్ బల్ల మీద పెట్టాడు. “బెంగళూరు నుంచి ఎవరో ఫోన్ చేసిండ్రు. జంపఖానాల బొమ్మలు కనబడుతలేవట.”

ఉమాకాంత్ అప్పటికే సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాడు. వారం రోజులుగా ఇదే వరస. పొద్దున చక్కగా నడిచే వెబ్‌సైటు మధ్యాహ్నానికి ఊపిరాడనట్టు నిలిచిపోతోంది; ఇవాళ ఇంకా ముందే పడింది. తెర మీద ఒకటే ఫిర్యాదు: తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని.

నేతగాళ్ల సంఘం తయారుచేసిన జంపఖానాలను ఇంటర్నెట్‌లో అమ్మిపెట్టే ఆ చిన్న ఆఫీసు సుబేదారిలో ఒక మందుల దుకాణం పైన ఉంది. నడిపేది వెంకటరాజం, వెబ్‌సైటు చూసుకునేది ఉమాకాంత్ ఒక్కడే. మర్నాడే పెద్ద అమ్మకాలు మొదలు. సైటు నిలబడకపోతే మగ్గాల మీంచి దిగిన సరుకంతా గోదాములోనే మూలుగుతుంది.

“రేపు గూడ ఇట్లనే అయితే పని హైదరాబాదోళ్లకు ఇచ్చేస్త. తర్వాత నన్ను అనొద్దు,” అని వెంకటరాజం ముందే చెప్పేశాడు. అందుకే ఉమాకాంత్ సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీని బతిమాలి ఒక ఇంజినీరును పంపమన్నాడు.

తలుపు దగ్గర అలికిడైంది. భుజాన సంచీతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

“ఉమాకాంత్ గారంటే?”

“నేనే మేడమ్. సర్వర్ సంగతే కద? రాండ్రి, మీ కోసమే చూస్తాన.”

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎర్ర అక్షరాలతో నిండిన తెరనూ, చెదిరిన అతని జుట్టునూ చూసి, నవ్వాపుకుంటూ కుర్చీ లాక్కుంది. “సర్లెండి. రోజూ నేను చేసే పని గూడ గిదే. కీబోర్డు మీ దగ్గరే ఉండనియ్యుండ్రి, నేను చెప్త.”

ఆమె చెప్పినట్టల్లా అతను టైపు చేశాడు. మళ్లీ మొదలుపెట్టి ఎంతోసేపు కాకపోయినా, సర్వర్ తెరిచి పట్టుకున్నవన్నీ తెర మీద బారులు తీరాయి. కొన్ని ఫైళ్లు, మిగిలినవన్నీ కనెక్షన్లు; సర్వర్ లెక్కలో అవీ ఫైళ్లే. దాదాపు అన్నీ కొరియర్ కంపెనీకి వెళ్తున్నవే.

“చూసిండ్రా? అవతలోళ్లు ఫోన్ పెట్టేసి ఎప్పుడో పోయిండ్రు. మీరే ఇంకా చెవికాడ పట్టుకొని కూసున్నరు.”

“తెరిచే ఫైళ్ల లిమిట్ పెంచి చూసిన మేడమ్.”

“పెంచితే మధ్యాహ్నం పడేది సాయంత్రం పడుతది. కారేది ఆగుతదా? ఇంట్ల నల్లా కారినా ఇంతేనా, కింద పెద్ద బకెట్ పెడుతరా?”

ఉమాకాంత్‌కు ఉక్రోషమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “నల్లా నేనే బాగుచేస్త. కావాలంటే మా అమ్మనడుగుండ్రి.”

“అడుగుత,” అందామె తొణక్కుండా.

అతను ప్రోగ్రాం తెరిచి చూపించాడు. “కనెక్షన్ మూసే లైను ఉన్నది మేడమ్. ఇగో.”

“ఉన్నది. కని పని ఆ లైను దాకా వస్తాందా?”

ఉమాకాంత్ పై నుంచి మళ్లీ చదివాడు. ఫలానా పిన్‌కోడుకు సరుకు పంపలేమని కొరియర్ వాళ్లు చెప్పగానే ప్రోగ్రాం మధ్యలోంచే బయటికి దూకేస్తోంది. మూసే లైను కింద అలాగే మిగిలిపోతోంది. అట్లా మూయనివి పోగై పోగై, మధ్యాహ్నానికి జంపఖానా బొమ్మ తెరవడానికి కూడా చోటుండటం లేదు.

వెనక నిలబడి వింటున్న వెంకటరాజం అందుకున్నాడు. “ఈ ముక్క వినయ్ రాసింది కాదా? వేరే ఉద్యోగానికి పోతూ పోతూ మనల్ని ముంచిపోయిండు.”

“రాసింది వినయే సార్. కని చూసి, సరే అని పెట్టింది నేను. తప్పు నాదే.”

ఆమె తెర మీంచి చూపు తిప్పి అతన్ని చూసింది.

పని నెగ్గినా చెడినా చివరికి కనెక్షన్ మూసి తీరేలా ఉమాకాంత్ ఆ ముక్కను మార్చాడు. కొరియర్ పోని పిన్‌కోడ్లు వెతికి వెతికి కొట్టి చూశారు. తెరిచిన కనెక్షన్ల లెక్క పెరిగింది; అంతలోనే దిగింది. ఇక కనిపెట్టుకుని చూడటమే మిగిలింది. ఉమాకాంత్ మూలనున్న స్టవ్ మీద టీ కాచి ముగ్గురికీ పోశాడు. తాగాక కప్పులు కడిగాడు.

“కోపమొస్తే ఏం చేస్తరు?” అని అడిగిందామె ఉన్నట్టుండి.

“ఏంది మేడమ్?”

“ఎప్పుడో ఒకప్పుడు మళ్ల ఏదన్న పడిపోతది. అప్పుడు ఎవరి మీదనన్న అరుస్తరా అని.”

“అరిస్తే సర్వర్ లేస్తదా? జర బయట తిరిగొచ్చి మళ్ల కూసుంట.”

ఈమధ్య సపోర్టు వాళ్లు మరీ ఎక్కువ వివరాలు అడుగుతున్నారు, అనుకున్నాడు ఉమాకాంత్.

మధ్యాహ్నం దాటింది. సాయంత్రమైంది. సైటు చెక్కుచెదరలేదు. బెంగళూరు నుంచి ఆర్డర్ కూడా వచ్చిపడింది. “ఇగ ఫికర్ లేదు. హైదరాబాదోళ్లెందుకు, నువ్వే చూసుకో,” అని వెంకటరాజం ఉమాకాంత్ వీపు తట్టాడు. ఆమె సంచీ తీసుకుని, వస్తానని చెప్పి మెట్లు దిగింది.

అప్పుడే ఉమాకాంత్ ఫోన్ మోగింది.

“సార్, సర్వర్ కంపెనీ నుంచి ఇంజినీర్‌ను. బస్సు చెడిపోయి జనగామలనే ఆగిపోయిన. రేపు పొద్దున రావాల్నా?”

ఉమాకాంత్ ఫోన్ చేతిలో పట్టుకునే మెట్లు దిగి పరుగెత్తాడు. ఆమె అప్పుడే స్కూటీ తాళం తీస్తోంది.

“మేడమ్, మీరు ఆ కంపెనీ నుంచి రాలేదా?”

“వచ్చిన అని నేనన్ననా?”

“మరి మీరెవరు?”

“మీ అమ్మ పంపిన నా ఫొటో ఇంకా చూడలేదన్నట్టు,” అంటూ ఆమె స్కూటీ స్టార్ట్ చేసింది. “ఆదివారం మీరు పెండ్లిచూపులకు వచ్చేది మా ఇంటికే.”