కిటికీ అట్ట

"ఏంటిది, కాపీ చీటీనా?" అంటూ బడి యజమాని మూడో వరసలో ఉన్న పిల్ల చేతిలోంచి అట్టముక్క లాక్కున్నాడు.

"చీటీ కాదు సార్, కిటికీ," అంది పిల్ల. తొమ్మిదేళ్ళ ఆ పిల్లని క్లాసులో అందరూ బొంగరం అంటారు. కూర్చున్నచోట కుదురుగా కూర్చున్న పాపాన పోదు. ఇప్పుడు కూడా ఒక కాలు బెంచీ మీద, ఇంకో కాలు నేల మీద. "పుస్తకం మీద పెడితే ఒక్క వరసే కనిపిస్తుంది సార్. మిగతా వరసలు మీద పడవు. అక్షరాలు గెంతవు."

యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత క్యాలెండరు అట్టకి బ్లేడుతో సన్నగా, పొడుగ్గా కోసిన కంత, అంతే. "ఆటవస్తువులు," అని జేబులో వేసుకుని క్లాసు టీచరు వైపు తిరిగాడు. "మీరొకసారి నా గదికి రండి."

గదిలోకి వెళ్ళాక కూర్చోమని కూడా అనలేదు.

"రేపటి పరీక్షకి ఈ పిల్లా, మీ క్లాసులో ఇలాంటివాళ్ళే ఆ ముగ్గురూ కూర్చోవడానికి వీల్లేదు. చదవలేరు, కాలు ఒకచోట నిలవదు. మా బడిలో తప్పినవాళ్ళే లేరని చెప్పుకుంటున్నాను. ఆ పేరు పోగొట్టుకోలేను."

"చదవగలరు సార్, నెమ్మదిగా చదువుతారు. ఓ గంట ఎక్కువిచ్చి, మధ్యలో కాస్త లేచి తిరగనిస్తే రాసేస్తారు."

"ఇది బడా, పార్కా?"

"రాయకపోతే వాళ్ళకి ఏడాది పోతుంది సార్."

"పోనివ్వండి. ఆ నలుగురూ రాయడం లేదని, దానికి మీరు ఒప్పుకుంటున్నారని ఉత్తరం రాసి సాయంత్రంలోగా ఇవ్వండి. రెండు కాపీలు. లేదంటే రేపట్నుంచి మీరు కూడా రానక్కర్లేదు."

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. మొన్ననే బొంగరం మొదటిసారి ఒక పేజీ మొత్తం చదివి, "ఇంకోటి చదవనా టీచర్?" అని అడిగింది. ఆ మొహం చూశాక అలాంటి ఉత్తరం రాసే చెయ్యి తనకి లేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుని స్టాఫ్ రూములో కూర్చుని ఉత్తరం రాసింది, తనకి నచ్చినట్టు.

'నేను ఒప్పుకోను. నలుగురూ పరీక్ష రాస్తారు. వాళ్ళకి గంట ఎక్కువ ఇస్తాను, లేచి నడవనిస్తాను. అడ్డుపడాలనుకుంటే ముందు నన్ను బయటికి పంపండి.'

సాయంత్రం వెళ్ళేసరికి యజమాని గదిలో క్లర్కు కుర్చీ ఖాళీగా ఉంది, జ్వరమట. యజమాని ఏ కాగితాన్నీ తనంతట తాను చూడడు. క్లర్కు పక్కన నిలబడి పైకి చదవాలి, ఈయన కళ్ళు మూసుకుని తలాడించాలి. రాజావారి దర్జా అని స్టాఫ్ రూములో అందరూ నవ్వుకుంటారు.

ఇవాళ మాత్రం ఉత్తరాన్ని తనే ముందుకి జరుపుకున్నాడు. చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ దాని మీద చూపు నిలిపాడు. తిట్లకి సిద్ధమై టీచరు సంచీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

"సంతోషం. ఇప్పటికైనా దారికొచ్చారు," అన్నాడు యజమాని. రెండు కాపీల మీదా బరబరా సంతకం గీకి, ముద్ర వేసి, ఒకటి ఆవిడ వైపు తోశాడు.

టీచరు కాగితాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపింది. "సార్, నేను రాసింది..."

"చూశానుగా. ఇంక వెళ్ళండి."

వరండాలోకి వచ్చి ఆ సంతకాన్ని రెండుసార్లు చూసుకుంది. నాలుగు ముక్కలు చదివే ఓపిక కూడా లేదు ఈ మహానుభావుడికి, పిల్లల ఏడాది అంటే అంత చులకన. సరే కానీ, అనుకుంది పళ్ళు బిగించి. సంతకం ఉంది, ముద్ర ఉంది. రేపు ఎవరు అడ్డొస్తారో చూద్దాం.

మర్నాడు పొద్దున నలుగురినీ పరీక్ష గదిలో కూర్చోబెట్టి, ఉత్తరం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. యజమాని నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"అందులో ఏం రాశారో నాకు తెలిసింది."

"మంచిది. క్లర్కు చదివి వినిపించాడా?" టీచరు గుమ్మంలోంచి కదల్లేదు. "సంతకం మీదే, ముద్రా మీదే. వీళ్ళని లేపాలంటే ముందు నన్ను దాటుకుని వెళ్ళండి."

"క్లర్కు ఇంకా మంచం దిగలేదు," అన్నాడాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ భుజం మీదుగా ఆ నలుగురినీ చాలాసేపు చూశాడు. "గంట సరిపోదు. రెండు గంటలు ఎక్కువివ్వండి. నడిచేవాళ్ళని నడవనివ్వండి."

టీచరు తేరుకునేలోపే బొంగరం బెంచీ దూకి వచ్చి చెయ్యి చాపింది. "సార్, నా కిటికీ ఇవ్వరా?"

యజమాని జేబులోంచి అట్ట తీశాడు. ఒక్కరోజులోనే దాని అంచులు నలిగి మెత్తబడిపోయాయి, కంత చుట్టూ వేలి ముద్రలు. పిల్ల అరచేతి దాకా తెచ్చి, మళ్ళీ తన జేబులోనే పెట్టుకున్నాడు.

"ఇది మాత్రం అడక్కమ్మా. టీచరుగారూ, పిల్లకి ఇంకోటి కోసివ్వండి. నా జన్మలో ఒక ఉత్తరం నాకు నేనుగా చదువుకోవడం నిన్నే మొదలు."