రెప్ప వెయ్యని ఆపరేటర్

తెర మీద వ్యోమగామిని పట్టి ఉంచిన తాడు తెగింది. ఇక్కడ కుర్చీలో క్రేన్ ఆపరేటర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

కళ్లు మూసుకుందామంటే వీల్లేదు. ఎడమపక్కనే సేఫ్టీ ఆఫీసర్ కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన ఆ కుర్రాయన సైటులో ఉన్న ఇద్దరు ఆపరేటర్లనీ మ్యాట్నీకి ఊరికే తీసుకొచ్చాడంటే ఎవరు నమ్ముతారు? ఎత్తంటే ఎవరు జడుస్తారో చూడ్డానికే ఈ సినిమా అని పొద్దుటినుంచీ సైటంతా ఒకటే గుసగుసలు. కొత్త క్రేన్ ఇరవై అంతస్తుల ఎత్తు. అది ఒక్కటే, మనుషులు ఇద్దరు. నెగ్గినవాడు పైన క్యాబిన్‌లో కూర్చుంటాడు. రెండోవాడు కింద బరువులకి కొక్కేలు తగిలించుకుంటూ ఉండాలి.

మనవాడికేమో నెల రోజులుగా పైనుంచి కిందకి చూస్తే చాలు, కళ్లు తిరుగుతున్నాయి. భార్యకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు. డాక్టరుకి చూపించుకోమని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. ఈయన వింటేగా.

వ్యోమగామి గిరగిరా తిరుగుతున్నాడు. ఆయనతోపాటు నీలంగా భూమి, చుక్కలు, మొత్తం హాలూ తిరుగుతున్నాయి. ఎంత అందంగా తీశాడో మహానుభావుడు, చూసే ఓపికుంటే. లేచి పోదామంటే వరసకి సరిగ్గా నడుమ సీటు. అటైనా ఇటైనా పదిమంది మోకాళ్లు దాటాలి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

కుడిపక్కన రెండో ఆపరేటర్, అందరూ బక్కాయన అంటారు, తన వల్ల కాదని మూలుగుతూ చివరికి తువ్వాలు మొహం మీద కప్పేసుకున్నాడు. పాపం అనిపించింది. అబద్ధమెందుకు, లోలోపల సంతోషం కూడా వేసింది.

ఆఫీసర్ హాల్లో ఇచ్చిన త్రీడీ కళ్లద్దాలు తీసేసి వీళ్ల మొహాలే చూస్తున్నాడు. మనవాడు తొడ గిల్లుకుంటూ, పళ్లు బిగబట్టి, ఆఖరిదాకా కొయ్యబొమ్మలా కూర్చున్నాడు.

బయటికి రాగానే ఆఫీసర్ అడిగాడు.

"ఏమండీ, మీకు భయం వెయ్యలేదా?"

"నాకా సార్? పదేళ్లుగా ఆకాశంలోనే కాపురం. ఇదో లెక్కా?"

బక్కాయన తలెత్తలేదు. తనకైతే ప్రాణం పోయి వచ్చిందనీ, రోజూ పైకెక్కేటప్పుడు కూడా అంతేననీ ఒప్పేసుకున్నాడు. వెర్రిబాగులవాడు, తన గొయ్యి తానే తవ్వుకున్నాడనుకున్నాడు మనవాడు.

ఆఫీసర్ జేబులోంచి క్యాబిన్ తాళంచెవి తీసి బక్కాయన చేతిలో పెట్టాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"మీరు కిందే ఉండండి. భయం లేనివాళ్లు బెల్టు పెట్టుకోరు."