బెల్టు కట్టుకున్న చెయ్యి

పెళ్లాం సోమరిదైపోయిందని దండపాణి ఫిర్యాదు.

పై అరలో ఉండాల్సిన పప్పు డబ్బాలన్నీ నేల మీదికి దిగాయి. వంటింట్లో అడుగు పెడితే కాలికి కందిపప్పు తగులుతుంది. పెరట్లో దండెం కూడా దిగింది. ముఖం కడుక్కుని వస్తుంటే తడి చీర వచ్చి ముఖానికి అతుక్కుంటుంది.

"ఏమే, ఇల్లంతా పొట్టోళ్ల కోసం కట్టినట్టు చేస్తా ఉండావే!"

"వయసు అయితా ఉండాది కదా," అనేది రాజామణి.

తన సోమరితనం సంగతి మాత్రం అతను ఎక్కడా ఎత్తేవాడు కాడు.

ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి జాతర నుంచి వస్తూ బండి మీంచి పడ్డాడు. కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి పైకి లేవనంది. మగ్గం తాడు లాగాల్సింది ఆ చెయ్యే. సగం నేసిన పట్టుచీర గుంటమగ్గం మీద అట్లాగే ఉండిపోయింది.

ఆసుపత్రి వాళ్లు ఒక బెల్టు ఇచ్చారు. చేతికి కట్టుకుని చెయ్యి ఎత్తితే, ఎన్నిసార్లు లేచింది, ఎంత ఎత్తు లేచింది అని లెక్కపెడుతుంది. రోజుకు రెండు వందల సార్లు ఎత్తాలి. ఆ లెక్క ఫోన్లోంచి వాళ్లకు పోతుంది.

"మూడు నెలల్లోపల లేవకుంటే ఇంక లేవదు. మగ్గం మరిచిపోవాల్సిందే," అన్నాడు డాక్టరు.

దండపాణి మూడు రోజులు ఎత్తాడు. ప్రాణం పోయినంత నొప్పి. నాలుగో రోజు ఆ బెల్టు తెచ్చి రాజామణి కుడి చేతికి కట్టాడు.

"ఎట్లాగూ పని చేస్తానే ఉంటావు కదా. చుమ్మా, ఊరికే కట్టుకో."

"విరిగింది నీ చెయ్యా, నా చెయ్యా?"

"మనకు వేరే వేరేనా?"

ఇరవై ఆరేళ్ల కాపురంలో అతను అంత ప్రేమగా మాట్లాడింది అది రెండోసారి. ఆమె కట్టుకుంది.

బట్టలు ఆరేసింది, ఊడ్చింది, బూజు దులిపింది. సాయంత్రానికి ఫోను "సూపర్ అయ్యా!" అంది. దండపాణి మీసం దువ్వుకున్నాడు.

బెల్టు పని తీరు చూడ్డానికి ప్రతి గురువారం తిరువళ్లూరు నుంచి ఏంజెలిన్ అనే అమ్మాయి వచ్చేది. భుజాన సంచి, సంచి నిండా వైర్లు.

మొదటి వారమే ఆ అమ్మాయి నెత్తి గోక్కుంది. గూట్లో పెట్టిన బెల్టు తనంతట తాను లెక్కపెడుతోంది. పక్కింటి పవర్‌లూమ్‌లు ఆడితే గోడలు అదురుతాయి, గోడలతో బాటు బెల్టూ అదురుతుంది.

"ఆసుపత్రిలో బాగానే ఉండిందే!"

"ఇది నేతోళ్ల వీధి తల్లీ. ఈడ నిద్రపోయేవాడు కూడా ఊగతానే ఉంటాడు," అన్నాడు దండపాణి.

మరుసటి వారం గోడకు ఒక చిన్న డబ్బా అంటించింది. గోడ ఎంత అదిరిందో అది చెబుతుందట. అంత తీసేస్తే మిగిలేది చేతి లెక్క. ఆ తర్వాత కరెంటు పోయినా లెక్క పోకుండా చేసింది. చెమటకు జారకుండా పట్టీ మార్చింది.

దండపాణికి దిగులు పట్టుకుంది. బెల్టుకు తెలివి పెరిగేకొద్దీ తన గుట్టు దాగేలా లేదు.

పైగా ఆ అమ్మాయి చూపంతా వంటింటి మీదే.

"అక్కా, డబ్బాలు కింద పెట్టుకున్నారే?"

"పైన బల్లులమ్మా."

"దండెం కూడా బల్లుల కోసమేనా?"

రాజామణి నవ్వి కాఫీ కలపడానికి పోయింది.

ఏడో గురువారం ఏంజెలిన్ ఫోను చాలాసేపు చూసింది.

"లెక్క సరిగ్గా ఉండాది అయ్యా. చెయ్యి లేచే ఎత్తే రోజురోజుకూ తగ్గుతా ఉండాది. ఈ చెయ్యి ఎవరిదో గానీ, శానా కష్టపడతా ఉండాది."

దండపాణికి ఒళ్లు మండింది.

"ఎవరిదో ఏంది? నా మీద నిఘా పెట్టడానికి వచ్చినావా? ఆ సంచీ ఎత్తుకోని పో. మళ్లా ఈ గడప తొక్కొద్దు!"

ఏంజెలిన్ సంచి భుజాన వేసుకుని లేచింది. రాజామణి ఎడమ చేతిలో కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేసరికి ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగిపోయింది.

మరుసటి గురువారం ఎవరూ రాలేదు. ఆ పై గురువారం జయకుమార్ అనే అతను వచ్చి ఒక పొట్లం ఇచ్చాడు.

"ఆ పిల్ల యాడ?" అన్నాడు దండపాణి.

"ఆత్తిపట్టు పోయింది అయ్యా. ఫ్యాక్టరీ వాళ్లకు బెల్టులు సరిచెయ్యాల. ఇంక ఈ పక్కకు రాదు."

పొట్లంలో ఇంకో బెల్టు, చిన్నది. దానికొక చీటీ.

*రాజామణి. కుడి భుజం.*

కింద తేదీ. ఏంజెలిన్ మూడోసారి వచ్చిన గురువారం.

"ఆ పిల్ల అక్క కోసం అడిగిన బెల్టు రావడానికి ఇన్నాళ్లు పట్టింది," అన్నాడు జయకుమార్. "మీ బెల్టు అక్క చేతికి ఉందని ఆ రోజే కనిపెట్టిందంట. ఆఫీసులో చెప్తే అది వెనక్కి తీసుకుంటారు, అక్క చేతిని ఇంక ఎవరూ చూడరు అని ఊరకే ఉండిపోయింది."

దండపాణి వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు.

"చెయ్యి ఎత్తు."

రాజామణి ఎత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"అంతే. ఇంక లేవదు."

"ఎప్పట్నుంచి?"

"నొప్పి అయితే నువ్వు పడక ముందు నుంచే. నీది లేచినాక చెప్దామనుకున్నా."

నేల మీద కందిపప్పు డబ్బా. పెరట్లో, ఇంకా దిగి నడుమెత్తుకు వచ్చిన దండెం మీద తడి చీర.

దండపాణి ఆమె చేతికి ఉన్న పాత బెల్టు విప్పాడు. పళ్లతో పట్టీ లాగి తన చేతికి బిగించుకున్నాడు. కొత్తది ఆమెకు కట్టాడు.

ముందు తన చెయ్యి ఎత్తాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అనుకుంది రాజామణి.

"తప్పు నాదే రాజామణీ. ఆ బిడ్డ ఇన్ని గురువారాలూ వచ్చింది నీ కోసం."