పద్యంలోని పిల్ల

నాన్న పద్యం చదవడం ముగించేసరికి అతిథులందరూ అంగీ చేతులతో కళ్లొత్తుకున్నారు. తెర వెనక మద్యం వెచ్చబెడుతున్న నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను.

పద్యంలో ఒక పిల్ల. మరుగుతున్న నీళ్లలో పట్టుగూళ్లు వేసి దారం తీసీ తీసీ నా వేళ్లలాగే ఆమె వేళ్లూ బొబ్బలెక్కాయి. రోజూ ఆ గుమ్మం ముందు నుంచే వెళ్లే తండ్రి ఒక్కసారైనా ఆమె వైపు తల తిప్పడు.

ఇన్నాళ్లకు నాన్న కంట పడ్డాను!

అతిథుల ఎడ్లబళ్లు లోయాంగ్ నగరంలోని మా వీధి మలుపు తిరగగానే వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను.

"నాన్నా, అయితే రేపటి నుంచి నన్ను కూడా తమ్ముడి పక్కన చదువుకు కూర్చోబెడతారా?"

"ఎందుకే?"

"ఆ పిల్ల బాధంతా మీరే రాశారుగా."

నాన్న పడీ పడీ నవ్వారు. "ఓసి పిచ్చి లింగ్‌షూ! ఆ పిల్ల నువ్వనుకున్నావా? అది నేనే. ఆ తండ్రేమో చక్రవర్తి. నాకు కొలువెందుకివ్వరని మొహం మీద అడిగితే మెడ మీద తల మిగులుతుందా? అందుకే ఇలా ఆడపిల్ల గొంతుతో ఏడుస్తాం. కవులందరం చేసేదే."

నాకు ఒళ్లు మండింది.

"మరి ఆ పద్యంలో బొబ్బలెక్కడివి?"

"అవా? నీ చేతులు చూసే రాశాను. లేకపోతే అంత సహజంగా ఎలా వస్తుంది?" అంటూ సిరారాయి నా వైపు తోశారు. "కాస్త సిరా నూరిపెట్టు."

ఆయన చూడలేదనుకుని ఇన్నాళ్లూ క్షమిస్తూ వచ్చాను.