పరీక్షకు తెచ్చిన నీళ్లు

“ఇందులోకి రెండు చుక్కలు పిండు. మంచి పాలైతే అడుక్కు దిగుతాయి,” అంటూ అలమేలమ్మ ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు తెచ్చి బాలింత కోడలు వేదవల్లి ముందు పెట్టింది.

మద్రాసు పురసవాక్కంలో ఎండకు ఇంటి గోడలు కూడా కాలుతున్నాయి. ఒళ్లో పసివాడి గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

వేదవల్లి పిండింది. పాలచుక్క నీళ్లలో పొగలా విడిపోయింది.

“చూసినావా! మీ అమ్మకూ ఇంతే, మీ అక్కకూ ఇంతే. మీ వంశంలోనే పాలు లేవు. కొత్త రాజధానికని ఆఫీసుతో పాటు కర్నూలు పోయిన నా కొడుక్కి ఏమని జాబు రాసేది?”

“పూటకు నాలుగు ముద్దలు శొంఠిపొడి అన్నం. దాహమంటే అరగ్లాసు కషాయం. పాలు యాడనుంచి వస్తాయత్తా?”

“బాలింత నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుంది. ఈ పథ్యం నేను పెట్టిందా?”

వేదవల్లి గ్లాసెత్తి ఆ నీళ్లే గటగటా తాగేసింది. గడ్డం మీద కారిన తడిని కూడా వేలితో తీసి నాక్కుంది.

“ఏందిమే ఇది!” అని అరవబోయిన అలమేలమ్మ మధ్యలోనే ఆగిపోయింది. ఖాళీ గ్లాసును చేతిలోకి తీసుకుంది.

“మా అత్త కూడా ఈ గ్లాసే తెచ్చింది. నా పాలూ ఇట్నే కలిసిపోయినాయి. మా పుట్టింటి గుణమే అనుకున్నా ఇన్నేండ్లూ.”

లేచి వెళ్లి, కుండలో చెంబు ముంచి తెచ్చింది.

“తాగమ్మా. ఆ పొద్దు నాకు గ్లాసెత్తే ధైర్యం రాలేదు.”