ఒలకబోత మామ్మ

సూప్ మళ్ళీ ఒలికింది.

తెల్లటి గుడ్డ మీద ఎర్రగా మడుగు కట్టింది.

“ఏమనుకోకు నాయనా, చేయి వణికింది” అంది కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలావిడ.

వెయిటర్ గుడ్డ మార్చాడు. తడిసినదాన్ని మూటకట్టి, ఓడ అడుగునున్న లాండ్రీకి మోసుకెళ్ళాడు.

“ఇదుగో మేస్త్రీ, ఒలకబోత మామ్మ పంపిన సారె!”

లాండ్రీ మేస్త్రీకి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ విహారనౌక భోజనశాలలో బల్లల మీద గుడ్డలు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఈ ప్రయాణంలోనే తేల్చేస్తామని కంపెనీ ప్రయాణికులకు కూడా వినిపించేలా ప్రకటించింది. గుడ్డల్లేని చెక్కబల్లలైతే ఒక్క తుడుపు తుడిస్తే చాలట. ఉతుకూ ఉండదు, ఇస్త్రీ ఉండదు. ఉతికేవాళ్ళతోనూ పని ఉండదు.

ఆ ఉతికేవాళ్ళలో మేస్త్రీ తమ్ముడూ మరదలూ ఉన్నారు. చేసుకుంటున్న పని మాన్పించి, వాళ్ళ పిల్లల్ని తన భార్యకు అప్పగించి, “నన్ను నమ్మండి” అంటూ ఓడెక్కించింది అతనే. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టయింది ఇప్పుడు.

“ఏం చేద్దాం బావగారూ?” అంది మరదలు.

“గుడ్డలకు పెద్ద ఖర్చేమీ లేదని చూపిద్దామమ్మా. అప్పుడు వాటి జోలికి రారు.”

అతను వెయిటర్లందరి గడ్డాలూ పట్టుకుని బతిమాలాడు. “చిన్న మరకైతే పూలకుండీ జరిపి కప్పెయ్యండి. కాస్త పెద్దదైతే గుడ్డ తిరగేసి పరవండి. కిందికి మాత్రం పంపకండి. మీకు పుణ్యముంటుంది.”

వాళ్ళూ మంచివాళ్ళే. అలాగే చేశారు. మూటలు తగ్గాయి.

మామ్మ బల్ల ఒక్కటే దారికి రాలేదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం పులుసు, సాయంత్రం పళ్ళరసం. ఆవిడ ముందు పెట్టినదాంట్లో సగం గుడ్డే తాగుతోంది.

ఇక ఉండబట్టలేక మేస్త్రీ పైకెళ్ళి ఆవిడను డెక్ మీద పట్టుకున్నాడు.

“అమ్మా, మీకు దండం పెడతాను. ఇకనుంచి గదిలోనే భోంచెయ్యండి.”

“నా వల్ల నీకేం కష్టం వచ్చింది నాయనా?”

“మీరు ఒలకబోసినప్పుడల్లా మా కొంప మునుగుతోంది. గుడ్డలు తీసేస్తే నా తమ్ముడూ మరదలూ రోడ్డున పడతారు.”

“అందుకే నాయనా నేను... అసలు నువ్వు చేస్తున్నదే...”

“ఇంకేం చెప్పకండి! కడుపు నిండినవాళ్ళకు మా ఏడుపేం తెలుస్తుంది?”

ఆవిడ నోరు తెరిచింది. కానీ అతను చేతులు జోడించి, ఏడుపు ఆపుకుంటూ గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి మామ్మకు భోజనం గదికే వెళ్ళింది. ఆవిడ భోజనశాల దాకా వచ్చినా, వెయిటర్ గుమ్మంలోనే ఆపి మర్యాదగా వెనక్కి పంపాడు.

“నీతో ఏదో చెప్పాలట మేస్త్రీ. ఒక్కసారి పిలవమంది.”

“సంజాయిషీలు వినే తీరిక లేదను.”

ప్రయాణం ముగిసే రోజు కంపెనీ అధికారి లాండ్రీలోకి దిగాడు.

“భేష్! మురికి గుడ్డలు ఇంతేనా?”

“ఇంతేనండి. ఖర్చు బాగా తగ్గించామండి.”

“అసలు గుడ్డల మీద ఏమీ పడట్లేదన్నమాట.”

“పడట్లేదండి!” అన్నాడు మేస్త్రీ గర్వంగా.

“మరింక గుడ్డలెందుకు?”

మేస్త్రీ ఏదో చెప్పబోయేలోగా అధికారే అందుకున్నాడు.

“మొదట్లో ఆ కిటికీ పక్క బల్ల చూసి మావాళ్ళే వెనకాడారు. ఉత్త చెక్క మీదైతే ఆ వేడి సూప్ జారి మనిషి ఒళ్ళో పడేదే, గుడ్డ ఉండబట్టి పీల్చుకుంది, తీసెయ్యడం తప్పేమో అన్నారు. ఇప్పుడు ఆ బెడదా లేదు. జనం శుభ్రంగానే తింటున్నారు. రేవు చేరగానే మీరంతా దిగిపోవచ్చు.”

అధికారి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మరదలు గుడ్డల కుప్ప మీద కూలబడింది. “పిల్లలకు ఏ ముఖం పెట్టుకుని కనపడను బావగారూ?”

తమ్ముడు గోడ వైపు తిరిగి తన సామాను సర్దుకోసాగాడు. అన్న ముఖం కూడా చూడలేదు. తిట్టినా బాగుండేదని మేస్త్రీకి అనిపించింది.

ఓడ రేవుకు ఆనుతుండగా వెయిటర్ వచ్చాడు. విషయం విని నెత్తి కొట్టుకున్నాడు.

“నాకో సంగతి అంతుపట్టట్లేదు మేస్త్రీ. నిన్న అలలకు ఓడ ఊగుతుంటే మామ్మ గదికి టీ తీసుకెళ్ళాను. నా చేతిలోనే సగం తొణికింది. ఆవిడ అందుకుని తాగింది చూడూ... చుక్క ఒలికితే ఒట్టు!”

మేస్త్రీ చేతిలో ఉన్న గుడ్డ విసిరేసి లేచాడు.

పైకి పరిగెత్తాడు. జనాన్ని తోసుకుంటూ ఓడ దిగే మెట్ల దాకా వెళ్ళాడు. మామ్మ చేతిసంచీతో అప్పుడే రేవు మీద కాలు పెడుతోంది.

“అమ్మా! మీ చేయి వణకదా?”

“వణకదు నాయనా.”

“మరి... కావాలనే...”

ఆవిడ అతని ముఖంలోకి చూసింది.

“తీసేశారా?”

అతను తలూపాడు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని చేయి పట్టుకుంది.

“నేనూ ఇలాగే మరకలు దాచి దాచి, నన్ను నమ్ముకున్న వాళ్ళందరి నోటి దగ్గర కూడు నా చేత్తోనే తీసేశాను నాయనా” అంది. “ఒకప్పుడు మా ఓడలో లాండ్రీ మేస్త్రీని నేనే.”